ఇంజను లోపల గీతలు

ఒక ఊళ్లో పొదుపు సంఘం ఆడవాళ్లు కలిసి పిండిమర పెట్టుకున్నారు. ఆ ఊళ్లో కరెంటు ఎప్పుడు ఉంటుందో, ఎప్పుడు పోతుందో తెలియదు. అందుకని డీజిలు ఇంజనుతో తిరిగే మర కొన్నారు. ఇంజను పాతదే. కానీ గట్టిది. టకటకమని మొదలైతే రెండు వీధుల అవతలికి వినబడేది.

సంఘంలో పెద్దామె ఒకావిడ మర నడిపేది. అందరూ ఆమెను పెద్దక్క అనేవాళ్లు. పెద్దక్క రాత్రి బడిలో చదువు నేర్చుకుంది. నేర్చుకున్నది మరిచిపోకుండా రోజూ ఒక నోటుపుస్తకంలో లెక్క రాసేది. ఎన్ని కిలోల పిండి పట్టింది, ఎంత డబ్బు వచ్చింది, డీజిలు ఎంత పోసింది, ఇంజనాయిలు ఎంత పోసింది, అన్నీ రాసేది.

కొన్నాళ్లకు ఇంజనాయిలు ఖర్చు పెరిగింది. మొదట్లో వారానికి పావు లీటరు పోస్తే సరిపోయేది. తర్వాత అర లీటరు అయింది. తర్వాత లీటరు. ఒకసారి మీటింగులో సంఘం రెండో లీడరు అడిగేసింది.

"ఇంజను కింద ఒక్క చుక్క కూడా కారడం లేదు. మరి ఆయిలంతా ఎక్కడికి పోతోంది పెద్దక్కా?"

మాట మెత్తగానే ఉంది. కానీ అందులోని అర్థం అందరికీ తెలిసింది. పెద్దక్క ఆయిలు బయట అమ్ముకుంటోందని అనుమానం. ఆమె ఏమీ అనలేదు. పుస్తకం మూసి ఇంటికి వెళ్లిపోయింది.

తర్వాత ఒక మెకానిక్కును పిలిచారు. ఇంజను విప్పాడు. కొత్త రింగులు వేశాడు. డబ్బు తీసుకుని వెళ్లాడు. నెల తిరక్కుండానే ఇంజను మళ్లీ నీలం పొగ వదిలింది. ఆయిలు మళ్లీ లీటరు తాగింది. రిపేరు డబ్బు పోయింది. అనుమానం మాత్రం పోలేదు.

మరి ఆయిలు ఎక్కడికి పోయింది? అది తెలియాలంటే ఇంజను లోపలికి తొంగి చూడాలి.

గొట్టం, కర్ర, రింగులు

సైకిలు పంపు చూశారు కదా. ఒక గొట్టం ఉంటుంది. అందులో ఒక కర్ర పైకీ కిందికీ ఆడుతుంది. ఇంజను లోపల కూడా ఇంచుమించు అంతే. గొట్టాన్ని సిలిండరు అంటారు. లోపల ఆడే లోహపు దిమ్మను పిస్టను అంటారు. పిస్టను చుట్టూ గాజుల్లాంటి ఇనుప రింగులు ఉంటాయి. ఆ రింగులే సిలిండరు గోడను ఒరుసుకుంటూ తిరుగుతాయి.

రింగులకు పని ఎక్కువ. పైన డీజిలు మండినప్పుడు పుట్టే ఒత్తిడి కిందికి జారిపోకుండా ఆపాలి. కింద ఉన్న ఆయిలు ఎక్కువగా పైకి పోకుండా తుడవాలి. పిస్టను వేడిని గోడకు అందించాలి. ఇంత పని ఆ సన్నటి గాజులు చేస్తాయి.

పిండిమరలకు మన దేశంలో ఎక్కువగా వాడిన ఇంజను ఒకటి ఉంది. ఇంగ్లండులో లిస్టర్ అనే కంపెనీ 1930 ప్రాంతంలో దాన్ని చెయ్యడం మొదలుపెట్టింది. తర్వాత గుజరాత్‌లోని రాజ్‌కోట్‌లో అదే నమూనాలో చేశారు. ఆ రకం ఇంజను నిమిషానికి 650 చుట్లు తిరుగుతుంది. ఒక చుట్టుకు పిస్టను ఒకసారి పైకి పోతుంది, ఒకసారి కిందికి వస్తుంది. అంటే నిమిషానికి 1,300 సార్లు రింగులు గోడను రుద్దుతాయి. గంటకు 78,000 సార్లు. ఒక్కో రుద్దుడు 14 సెంటీమీటర్ల పొడవు. అన్నీ కలిపితే గంటకు దాదాపు 11 కిలోమీటర్లు. గంటసేపు మర ఆడితే రింగులు పక్క ఊరికి పోయి వచ్చినంత దూరం గోడను రాసుకుంటాయన్న మాట!

అంత రాపిడికి ఇనుము నిలుస్తుందా? నూనె లేకుండా నిలవదు. వేడెక్కుతుంది, గీసుకుపోతుంది, చివరికి ఒకదానికొకటి కరుచుకుపోతుంది. దాన్నే ఇంజను పట్టేసింది అంటారు.

నూనె బరువు మోస్తుంది

ఎడ్లబండి ఇరుసుకు కందెన పెడతారు. కందెన లేకపోతే బండి కీచుమంటుంది, ఎడ్లకు బరువవుతుంది. ఇది మనకు తాతల నాటి నుంచి తెలుసు. కందెన జారుడుగా ఉంటుంది కాబట్టి చక్రం తేలిగ్గా తిరుగుతుంది అనుకుంటాం. అసలు సంగతి అంతకంటే వింతగా ఉంటుంది.

ఇంగ్లండులో బోషాం టవర్ అనే ఇంజనీరు ఉండేవాడు. రైలు ఇరుసుల మీద ఆయన చేసిన పరీక్షల గురించి 1883లో రాశాడు. ఇరుసు మీద ఇత్తడి దిమ్మ పెట్టి, దాని మీద బరువు మోపి తిప్పాడు. ఇరుసు అడుగు భాగం నూనెలో మునిగి ఉంది. పై నుంచి కూడా నూనె పోద్దామని ఇత్తడి దిమ్మకు ఒక కన్నం వేశాడు. ఇరుసు తిరగ్గానే ఆ కన్నంలోంచి నూనె పైకి తన్నుకొచ్చింది! బిరడా పెట్టాడు. నూనె దాన్ని పైకి నెట్టేసింది. చెక్క మేకు కొట్టాడు. అదీ పైకి లేచి వచ్చింది.

దీన్నిబట్టి ఏం తెలిసింది? తిరిగే ఇరుసు తనతోపాటు నూనెను సందులోకి లాక్కుపోతుంది. సందులో ఇరుక్కున్న నూనెకు ఒత్తిడి పుడుతుంది. ఆ ఒత్తిడి పైనున్న బరువును ఎత్తి పట్టుకుంటుంది. అంటే ఇనుము ఇనుము మీద నడవడం లేదు. నూనె మీద తేలుతోంది. పడవ నీళ్ల మీద తేలినట్టు.

కానీ ఒక చిక్కు ఉంది. ఇది కదలిక ఉన్నంతసేపే. కదలిక ఆగితే నూనె పొర పలచబడుతుంది, ఇనుము ఇనుముకు తగులుతుంది.

ఇరుసు ఒకే వైపు తిరుగుతూ ఉంటుంది. పిస్టను అలా కాదు. ఉయ్యాలను తలుచుకోండి. పైకి పోతుంది, అక్కడ ఒక్క క్షణం ఆగుతుంది, వెనక్కి వస్తుంది. పిస్టను కూడా పై కొసన ఆగుతుంది, కింది కొసన ఆగుతుంది. ఆ క్షణంలో నూనె పొర సన్నబడిపోతుంది. పై కొసన మంట కూడా ఉంటుంది. అందుకే సిలిండరు అందరికంటే ముందు పై భాగంలోనే అరుగుతుంది. పాత సిలిండరు విప్పినప్పుడు పై అంచు దగ్గర గోరుతో గీకి చూడండి. గోరుకు మెట్టు తగిలిందంటే దాని కింద గోడ అరిగిపోయిందని లెక్క.

పళ్లెం మీద నూనె, రోటి మీద నూనె

ఆ గడ్డు క్షణంలో నూనె ఎక్కడి నుంచి రావాలి?

ఒక నున్నటి స్టీలు పళ్లెం మీద నూనె రాయండి. గుడ్డతో గట్టిగా తుడవండి. పోయింది కదా. ఇప్పుడు రోలు మీద అంతే నూనె రాయండి. ఎంత తుడిచినా జిడ్డు పోదు. రాతి గంట్లలో నూనె దాక్కుంటుంది. గుడ్డ పైపైన తుడుస్తుంది గానీ గంటు లోపలికి పోలేదు.

ఇంజనులో రింగు అంటే ఆ గుడ్డే అనుకోండి. గోడ స్టీలు పళ్లెంలా నున్నగా ఉంటే రింగు నూనెనంతా తుడిచేస్తుంది. గోడ మీద సన్నటి గీతలు ఉంటే వాటిలో నూనె నిలుస్తుంది. పిస్టను కొసన ఆగినప్పుడు ఆ దాక్కున్న నూనే కాపాడుతుంది. అందుకని మంచి సిలిండరు లోపల కావాలనే గీతలు పెడతారు. ఒక వాలున కొన్ని, దానికి ఎదురు వాలున కొన్ని. రెండూ ఒకదాన్నొకటి కోసుకుంటూ చాప అల్లికలా కనిపిస్తాయి.

ఈ గీతల లోతు ఎంతో తెలుసా? మిల్లీమీటరును వెయ్యి భాగాలు చేస్తే ఒక భాగాన్ని మైక్రాను అంటారు. మన తల వెంట్రుక మందం 50 నుంచి 100 మైక్రాన్ల దాకా ఉంటుంది. సిలిండరు గీతలు కొన్ని మైక్రాన్ల లోతే. కంటికి కనిపిస్తాయి, కానీ గోరుకు ఆనవు. గోరుకు తగిలేంత లోతు గీత ఉందంటే అది గీత కాదు, దెబ్బ. అందులోంచి ఒత్తిడి జారిపోతుంది.

గీతల వాలు కూడా ముఖ్యమే. ఇది సేద్యం చేసే ఆడవాళ్లకు చెప్పనక్కర్లేదు. వాలు చేలో పైనుంచి కిందికి చాళ్లు తోలితే వాన నీరు గబగబా జారిపోతుంది. వాలుకు అడ్డంగా తోలితే నిలుస్తుంది. సిలిండరులో గీతలు మరీ నిలువుగా ఉంటే నూనె కిందికి కారిపోతుంది. మరీ అడ్డంగా ఉంటే అవసరానికి మించి నిలిచి, పైకి పోయి మండిపోతుంది. అందుకని రెండింటికీ మధ్యన ఉంచుతారు. చాలా ఇంజన్లకు ఒక వాలు గీతకూ ఎదురు వాలు గీతకూ మధ్య 45 డిగ్రీలకు అటూ ఇటూగా ఉంటుంది. చదరంగా ఉన్న రుమాలును మూల నుంచి మూలకు మడవండి. ఆ మడత అంచుకూ పక్క అంచుకూ మధ్య ఉండేదే 45 డిగ్రీలు.

దొంగ దొరికింది

ఇప్పుడు పెద్దక్క ఇంజను సంగతి చూద్దాం.

ఏళ్ల తరబడి తిరిగి తిరిగి దాని గీతలు అరిగిపోయాయి. మిగిలిన వాటిలో మాడిన ఆయిలు పేరుకుని గట్టిపడింది. గోడ అద్దంలా మెరిసింది. చూడ్డానికి కొత్తదానిలా ఉంది. ఆ మెరుపే రోగం.

మొదటి మెకానిక్కు ఆ అద్దం మీదే కొత్త రింగులు వేశాడు. కొత్త రింగు గోడకు మొదటి రోజే అచ్చంగా అతుక్కోదు. కొంచెం ఎత్తుపల్లాలు ఉంటాయి. గోడ మీద సన్నటి గీతలు ఉంటే అవి ఆకురాయిలా రింగును కాస్త అరగదీస్తాయి. రెండూ ఒకదానికొకటి సర్దుకుంటాయి. కొత్త చెప్పులు కాలికి అలవాటైనట్టు. గోడ అద్దంలా ఉంటే రింగు అరగదు, సర్దుకోదు. సందు అలాగే ఉండిపోతుంది. ఆ సందులోంచి ఆయిలు పైకి పోయి డీజిలుతోపాటు మండుతుంది. నీలం పొగ అదే. ఆయిలు చుక్క కూడా కింద పడలేదు. మరి పోయింది గొట్టం దారిన, ఊరందరి కళ్ల ముందే.

పొగ రంగు గుర్తుపెట్టుకోవడం మంచిది. నీలం పొగ అంటే ఆయిలు మండుతోంది. నల్ల పొగ అంటే డీజిలు ఎక్కువై సరిగ్గా మండడం లేదు, లేదా ఇంజను మీద మోయలేనంత బరువు పడింది.

లేతు షాపులో

పెద్దక్కా, రెండో లీడరూ కలిసి పట్నంలో లేతు షాపుకు వెళ్లారు. సిలిండరును ఆటోలో పెట్టుకుని మరీ వెళ్లారు. అక్కడి మేస్త్రి ముసలాయన. పై అంచున గోరుతో చూశాడు. కొలిచాడు.

"బోరు కొట్టాలమ్మా. కాస్త పెద్ద పిస్టను వెయ్యాలి" అన్నాడు.

బోరు కొట్టడం అంటే అరిగిన గొట్టాన్ని లోపల సమంగా కోసి కాస్త వెడల్పు చెయ్యడం. కోసిన తర్వాత మేస్త్రి ఒక పనిముట్టు తీశాడు. దానికి చుట్టూ సానరాతి పలకలు ఉన్నాయి. స్ప్రింగులు వాటిని బయటికి నెడుతున్నాయి. దాన్ని గొట్టంలో దించి తిప్పుతూ పైకీ కిందికీ ఆడించాడు. పైనుంచి నూనె పోస్తూనే ఉన్నాడు. ఈ పనిని హోనింగ్ అంటారు.

రెండో లీడరు ఊరుకోలేకపోయింది. "అదేంటయ్యా, శుభ్రంగా కోసినదాన్ని మళ్లీ గీరుతున్నావు?"

"మీ రోటికి గంట్లు ఎందుకు పెట్టిస్తారమ్మా?" అని మేస్త్రి నవ్వాడు.

మేస్త్రి చెప్పిన పోలిక బాగుంది గానీ, అది సగమే నిజం. రోటికి, తిరగలికి గంట్లు పెట్టించేది పట్టు కోసం. నున్నబడిన తిరగలిలో గింజ జారిపోతుంది, నలగదు. ఇంజనులో గీతలు పెట్టేది పట్టు కోసం కాదు, జారుడు పోకుండా ఉండడం కోసం. ఒకే గరుకు రెండు చోట్ల రెండు ఎదురెదురు పనులు చేస్తోంది. గరుకైతే పట్టు, నునుపైతే జారుడు అని మనం చిన్నప్పటి నుంచి అనుకునేది నూనె మధ్యలోకి వచ్చేసరికి తారుమారవుతుంది.

హవాయి చెప్పు అడుగున చూడండి. అక్కడా గీతలే. అవి నీళ్లు నిలవడానికి కాదు, పోవడానికి. తడి నేల మీద అడుగు వేస్తే నీరు ఆ గీతల్లోకి తప్పుకుంటుంది. రబ్బరు నేలను తాకుతుంది. గీతలు అరిగిన చెప్పుకు నీరు తప్పుకునే దారి ఉండదు. చెప్పు నీటి మీద తేలుతుంది, మనిషి పడుతుంది. టవర్ గారి ఇరుసు తేలింది కూడా ఇలాగే. ఇంజనులో అది మేలు, స్నానాల గదిలో అది నడుం విరగ్గొట్టుకునే దారి. అరిగిన చెప్పులు వానాకాలంలో ముసలివాళ్లకు ఇవ్వకండి. లారీ టైరుకు కోతలు పెట్టేదీ ఇందుకే.

ఈ గరుకుల మీద పెద్ద చదువులు చదివినవాళ్లు కూడా చాలా పని చేశారు. ఇనుము మీది సన్నటి ఎగుడుదిగుళ్లు కూడా నూనె పొరను నిలబెట్టగలవని 1966లో ముగ్గురు ఇంజనీర్లు లెక్కగట్టి చూపించారు. 1990ల్లో ఇజ్రాయెల్ దేశంలో ఇజాక్ ఎట్సియాన్ అనే ఇంజనీరు ఇంకో అడుగు వేశాడు. లేజరు అనే వెలుగుతో ఇనుము మీద వరసగా గుంటలు పెట్టించాడు. ఒక్కో గుంట వెడల్పు వెంట్రుక మందం లాంటిది. లోతు అంతకంటే చాలా తక్కువ. దోసె మీద చిల్లుల్లా ఉంటాయన్న మాట. ప్రతి గుంటా ఒక చిన్న నూనె గిన్నె. తిరిగేటప్పుడు ఆ గిన్నెల్లో ఒత్తిడి పుట్టి పై భాగాన్ని కాస్త ఎత్తి పడుతుంది. నీళ్ల పంపుల సీళ్లకు, ఇంజన్ల రింగులకు ఈ పద్ధతి వాడి చూశారు. గుంటలు ఎక్కువైనా, లోతు ఎక్కువైనా మేలుకు బదులు కీడే. అందుకని కొలత కుదర్చడమే వాళ్లకు పెద్ద పని.

సబ్బు నీళ్లు, తెల్ల గుడ్డ

లేతు షాపు పని అయిపోయింది. సిలిండరు లోపల చాప అల్లిక చక్కగా కనిపిస్తోంది. షాపు కుర్రాడు కిరసనాయిలులో ముంచిన గుడ్డతో తుడిచి, "తీసుకుపోండక్కా" అన్నాడు.

ఇక్కడ చాలామంది మోసపోతారు. కుర్రాడు మోసగాడు కాదు, వాడికి తెలియదంతే. సానరాయి గీరినప్పుడు రాతి పొడి, ఇనుప పొడి రాలుతాయి. అవి గీతల్లో ఇరుక్కుంటాయి. కిరసనాయిలు జిడ్డును వదిలిస్తుంది గానీ పొడిని గీతల్లోంచి లేపి తేలేదు. ఆ పొడి ఉండగానే పిస్టను బిగిస్తే ఏమవుతుంది? నూనెలో రాతి పొడి కలుస్తుంది. కొత్త రింగులను, కొత్త గోడను అదే నమిలేస్తుంది. నూనెను దాచడానికి పెట్టిన గీతలే విషాన్ని దాచుకున్నట్టు అవుతుంది.

దీనికి మందు వేడి నీళ్లు, సబ్బు, బ్రష్షు. మసి గిన్నె తోమిన చేతులకు ఇది కొత్త పని కాదు.

పెద్దక్క సిలిండరును ఇంటికి తెచ్చింది. మసిలే నీళ్లలో సబ్బు పొడి వేసింది. బ్రష్షుతో గీతల వాలునే తోమింది. నీళ్లు పారబోసింది, మళ్లీ తోమింది. తర్వాత తెల్ల గుడ్డ ముక్కకు కొంచెం ఇంజనాయిలు రాసి లోపల తుడిచింది. గుడ్డ బూడిద రంగుకు తిరిగింది. మళ్లీ కడిగింది. రెండో గుడ్డా మాసింది. ఐదో గుడ్డ తెల్లగా వచ్చింది. అప్పుడు ఆపింది. వెంటనే లోపలంతా శుభ్రమైన ఆయిలు పట్టించింది. కడిగిన ఇనుము ఆరితే గంటల్లోనే తుప్పు పడుతుంది. అందుకే ఆ తొందర.

ఈసారి ఇంజను బిగించడానికి వేరే మెకానిక్కు వచ్చాడు. ఆ గుడ్డ ముక్కలు చూసి ఏమీ మాట్లాడలేదు. తన చేతులు కడుక్కుని వచ్చి పని మొదలుపెట్టాడు.

మొదటి పిండి పారబోసినట్టు

రోటికి కొత్తగా గంట్లు పెట్టించిన రోజు ఏం చేస్తాం? ముందు తవుడో నూకలో వేసి రుబ్బి పారేస్తాం. రాతి రజను పోవాలి కదా. తర్వాతే తినే పప్పు వేస్తాం.

కొత్తగా గీతలు పెట్టిన ఇంజనుకూ అంతే. గీతల మధ్య సన్నటి మొనలు లేచి ఉంటాయి. మొదటి రోజుల్లో రింగులు ఆ మొనలను అరగదీస్తాయి. పైన చదునుగా, అడుగున గీత మిగిలినట్టుగా తయారవుతుంది. రింగుకు కూర్చోను చదునైన చోటు, నూనెకు దాక్కోను గీత. ఇదీ కావలసిన తీరు. అరిగిన పొడి ఆయిల్లో కలుస్తుంది. అందుకని మొదటి ఆయిలును మామూలు కంటే త్వరగా మార్చెయ్యాలి. ఎన్ని గంటలకు మార్చాలో ఇంజను పుస్తకంలో రాసి ఉంటుంది.

ఇంకో సంగతి. కొత్త ఇంజను కదా అని ఊరికే ఖాళీగా గంటలకొద్దీ తిప్పడం మంచిది కాదు. బరువు లేకపోతే రింగులు గోడకు గట్టిగా ఆనవు. మొనలు అరగకముందే ఆయిలు గోడ మీద మాడి అద్దం పూతలా గట్టిపడుతుంది. మళ్లీ మొదటి కథే. అలాగని మొదటి రోజే మిరపకాయల బస్తాలన్నీ మరలో పొయ్యకూడదు. ఒక మాదిరి పని ఇస్తూ పెంచుకుంటూ పోవాలి.

పెద్దక్క మొదటి వారం జొన్నలు మాత్రమే పట్టింది, అదీ కొంచెం కొంచెంగా. మిరపకాయలతో వచ్చినవాళ్లను వచ్చే వారం రమ్మంది. ఒకరిద్దరు కోపంగా పక్క ఊరి మరకు పోయారు. పోనీ అనుకుంది. పొగ గొట్టం వైపు రోజూ చూసేది. రెండో వారానికి నీలం పొగ పోయింది.

ఆ నెల మీటింగులో పెద్దక్క నోటుపుస్తకం తీసి రెండో లీడరు చేతికిచ్చింది. ఆమె వేలు పెట్టి ఒక్కో గీతా చదివింది. జొన్నలు ఇన్ని కిలోలు. డీజిలు ఇన్ని లీటర్లు. ఇంజనాయిలు దగ్గరికి వచ్చి ఒక్క క్షణం ఆగింది.

"మూడు వారాలకు కలిపి, అర లీటరు" అని పైకి చదివింది. పుస్తకం మూయకుండానే పెద్దక్క పక్కకు జరిగి కూర్చుంది.